అవ్వల లెక్కలో కరువు సంవత్సరములు

జన్మపత్రిక వ్రాయించుకొను స్తోమత గల కుటుంబములను విడిచిపెట్టినచో, మొన్నమొన్నటి వరకు మన పల్లెలలోని ముసలమ్మల వయస్సునకు కొలబద్ద అంకె కాదు, ఆపద. గుంటూరు సీమలో ఒక అవ్వను నీకెన్ని యేండ్లని అడిగినచో, నందన కరువునాడు తన తల్లి చంటిబిడ్డయనియు, ఆ తల్లికి తాను నాలుగవ కాన్పున పుట్టితిననియు చెప్పి, తక్కిన లెక్కను అడిగినవారికే విడిచిపెట్టెడిది. బందరు ప్రాంతమున ఆ లెక్క ఉప్పెనతో మొదలగును. బళ్ళారి, కర్నూలు, కడప సీమలలో ధాత కరువుతో మొదలగును. హైదరాబాదు నగరములో 1908 సెప్టెంబరున మూసీనది పొంగి వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్న దినముతో మొదలగును. ఆ తరువాతి తరపు తెలంగాణపు బాపమ్మలకు రజాకార్ల కాలముతో మొదలగును. ప్రభవాది షష్టి సంవత్సరములు పంచాంగకర్తకు ఒక చక్రము. అవ్వకు మాత్రము వానిలో రెండు మూడే జ్ఞాపకముండదగినవి, తక్కినవన్నియు వానికి ముందువో వెనుకవో అయి ఊరకుండెడివి.

ఈ ముసలమ్మలు మనుమలకును, మనుమరాండ్రకును, కొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్రకును చెప్పిన బుద్ధులను మనము సాధారణముగా నీతులని భావింతుము. కొందరు చాదస్తములని నవ్వుదురు. మరికొందరు ఈ మధ్య వానిని వాత్సల్యముతో ఏరి గ్రంథస్థము చేయుచున్నారు. ఈ ముగ్గురును వాని పుట్టుకను విచారించినట్లు కనబడదు. ఎసటిలో పోయబోవు బియ్యమునుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేయవలెనన్న నియమము, కొత్త ధాన్యము ఇల్లు చేరు వరకు పాతగింజ అడుగు కనబడరాదన్న నియమము, ఎంతటి ఆకలి కలిగినను విత్తనపు మూటముడి విప్పరాదన్న నియమము ధర్మశాస్త్రములనుండి దిగివచ్చినవి కావు. ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క యేడు కలదు. ఆ యేటి సంగతి మరుగుపడి, నియమము వంటయింట మిగిలినది. కావుననే చరిత్ర తెలిసికొనగోరువాడు శాసనములయొద్దకు పోయినట్లే ఒకమారు వంటయింటికిని పోవలెనని నా అభిప్రాయము.

మన చరిత్రకారులు ముసలివారిని అడుగకపోలేదు. కల్నల్ మెకంజీకొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును వారి అనుచరులును ఊరూర తిరిగి కైఫీయతులను సేకరించిరి. 1821లో మెకంజీ మరణించునాటికి పోగైన ఆ సంపుటములు నేటికిని మన గ్రామచరిత్రలకు ఆకరములు. కాని వారు అడిగినది కరణములను, దేవస్థానముల అర్చకులను, ఊరి పెద్దలను. అడిగిన ప్రశ్నలు ఏ రాజు ఏ గుడికి ఎంత మాన్యమిచ్చెనన్నవి. పెరటిలో వడియములు పెట్టుకొనుచున్న ముసలమ్మను అడిగిన జాడ అందులో లేదు. తరువాత 1901లో బండారు అచ్చమాంబ స్త్రీలకు చరిత్ర లేదనిపించుకొనరాదని దీక్షవహించి అబలా సచ్చరిత్ర రత్నమాలను ప్రకటించెను. అది మహత్తరమైన ఉద్యమమే అయినను, అందులోనికి ఎక్కినవారు రాణులు, విదుషులు, భక్తురాండ్రు. పేరులేని అవ్వకు అందులోను చోటు దొరకలేదు. ఆమె తన చరిత్రను తానే వ్రాసికొన్నది; అక్షరములతో కాదు గనుక మనము చదువలేదు.

నందన నామ సంవత్సరము, అనగా 1832-33, గుంటూరు సీమకు కాళరాత్రి. వర్షములు ముఖము చాటువేసినవి. జమీందారీలు అప్పులలో మునిగియుండెను. కుంపిణీ ప్రభుత్వమునకు శిస్తు రాబట్టుటయందున్న శ్రద్ధ ప్రజల ప్రాణములయందు లేకుండెను. గింజ ఉన్నచోటినుండి లేనిచోటికి చేర్చుటకు తగిన బాటలు లేవు, కాలువలు లేవు. ఆ జిల్లాయందు దాదాపు అయిదు లక్షల జనముండగా, ఒకటిన్నర లక్షనుండి రెండు లక్షలవరకు నశించిరని తరువాతి లెక్కలు చెప్పుచున్నవి. మిగిలినవారిలో అనేకులు చెన్నపట్టణపు బాట పట్టిరి. ఆ బాటలోనే ఎందరో రాలిపోయిరి. జనులు దానిని డొక్కల కరువనియు, పెద్ద కరువనియు పిలిచిరి. 1859లో గుంటూరు జిల్లాయే రద్దయి, 1904 వరకు కృష్ణా జిల్లాలో అంతర్భాగమై యుండెను. జిల్లా పేరు పటమునుండి తొలగిన ఆ నలుబది అయిదేండ్లలోను కరువు పేరు మాత్రము ఆ సీమ ముసలమ్మల నోటినుండి తొలగలేదు.

ఆ కరువును దాటి బ్రతికిన స్త్రీ తన యింట ఏమి చేసెను? పల్నాటి నల్లరేగడి నేలలలో జొన్నలను పాతర వేయుట అంతకుముందునుండియే ఉన్న పద్ధతి. మనిషి నిలువుకు మించిన గొయ్యి త్రవ్వి, లోపల చొప్పయు గడ్డియు దట్టముగా పరచి, జొన్నలు పోసి, పైన మరల గడ్డి కప్పి, నోరు మట్టితో మెత్తుదురు. గాలి చొరని ఆ గోతిలో పురుగు బ్రతుకదు. గింజ కొంచెము రంగు మారినను ఏండ్లకొలది తినుటకు పనికివచ్చును. అయితే పాతర త్రవ్వుట మగవారి పనియైనను, దానిని ఎప్పుడు తెరవవలెనో నిర్ణయించుట పెక్కిండ్లలో పెద్ద ముసలమ్మ అధికారము. తెరచిన వెంటనే లోనికి దిగరాదు. నోరు విప్పి గాలి తగులనిచ్చి, దీపమును త్రాటితో దింపి, అది ఆరకుండ వెలిగినప్పుడే మనిషి దిగవలెను. లోపల నిలిచిన దుర్వాయువు ఊపిరి ఆడనీయక మనిషిని క్షణములలో పడవేయునని రసాయనశాస్త్రము చదువని అవ్వ ఎట్లెరిగెను? ఏ ఊరిలోనో ఎవ్వడో ఆకలి తొందరలో దిగి మరల పైకి రాకపోయియుండును. ఆ పేరు లేనివాని చావే ఆ దీపపు నియమము.

కోస్తా సీమలో వడ్లకు గాదెలు, గరిసెలు, పురులు. రాయలసీమలో రాగులకును కొఱ్ఱలకును మట్టి కాగులు. వానిలో రాగులకు ఒక విశేషము కలదు. ఆ గింజ మిక్కిలి చిన్నది, పురుగునకు సులభముగా లొంగనిది. సరిగా ఎండినచో ఏండ్ల తరబడి పుచ్చకుండ నిలుచును. రాయలసీమ జేజి సంకటికి రాగులను ఎన్నుకొన్నదనుట కంటె, వానయందు నమ్మకము లేని ఆ సీమలో రాగులే ఆమెను ఎన్నుకొన్నవనుట సత్యమునకు దగ్గర. తెలంగాణములో కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి దాచుదురు. పెసలు, అలసందలలో కొయ్యబూడిద కలుపుదురు. విత్తనపు కంకులను పొయ్యిమీది అటకకు వ్రేలాడదీసి పొగ తగులనిత్తురు. ఎండిన సొరకాయ బుర్రలలో కూర విత్తనములను పోసి మూతికి మట్టి మెత్తుదురు. ఇవన్నియు గృహకృత్యములుగా మనకు కనబడును. పంట లేని యేటికి తరువాతి యేడు ఒకటి కలదని నమ్మించుటయే వీని ప్రయోజనము. విత్తనము తిన్నవానికి ఆ యేడు లేదు.

పిడికెడు బియ్యపు సంగతి కొంచెము నిదానముగా విచారింపదగినది. పొయ్యిమీద ఎసరు మరుగుచుండగా, చేటలో కొలిచిన బియ్యమునుండి ఒక పిడికిలి వెనుకకు తీసి ముంతలో వేయుట కోడలికి అత్త నేర్పు మొదటి పాఠములలో ఒకటి. కొలిచిన తరువాత తీయవలెను, కొలువక ముందు తీయరాదు. ఎందుకనగా తినువారికి ఆ వెలితి తెలియరాదు. పిడికెడు బియ్యము ఇంచుమించు 50 గ్రాములనుకొన్నచో, రెండుపూటల లెక్కన ఏడాదికి 36 కిలోలు దాటును. పొదుపుగా తిన్నచో ఒక మనిషికి అది రెండు నెలలకు పైబడిన గ్రాసము. ఆషాఢ శ్రావణములలో, పాతపంట అయిపోయి కొత్తపంట చేతికి రాని ఆ రెండు నెలలే పల్లెలలో అప్పులు పుట్టు నెలలు. అవ్వకు గుణకారము రాకపోవచ్చును. అప్పు ఎప్పుడు పుట్టునో ఆమెకు తెలియును. షావుకారు అంగడికి ఎక్కవలసిన గింజలను ఆమె పిడికిలితో తన యింటనే ఆపెను.

ఊరగాయలు, ఒరుగులు, వడియములు ఈ సంగ్రహవిద్యలోనివే. వేసవియందు విరివిగా కాచిన మామిడిని కోసి ఉప్పు రాచి ఎండబెట్టినచో ఒరుగు. బూడిదగుమ్మడిని మినపపిండితో కలిపి ఎండబెట్టినచో వడియము. ఆవకాయ అనాదియని అభిమానముతో చెప్పువారు కలరు. అందులోని మిరపకాయ 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలమీద దిగిన పరదేశియని వారికి జ్ఞాపకము చేసినచో కొంత కినుక వహింతురు. కాని ఊరవేయుటకు మిరపకంటె ఉప్పు ప్రధానము. 1805లో కుంపిణీ ప్రభుత్వము చెన్నపురి రాజధానియందు ఉప్పును తన గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చుకొనినది మొదలు, సముద్రపుటొడ్డున నివసించువాడు సైతము ఉప్పును కొనవలసినవాడయ్యెను. కల్లుప్పు నేలపై ఒలికినచో పాపమని అవ్వలు చెప్పిన మాటలో శకునభయము ఎంతయో, సర్కారు వెల అంత. 1930లో ఉప్పు సత్యాగ్రహము సాగినప్పుడు మన తీరపు గ్రామములలో వంటయింటి స్త్రీలకు ఆ ఉద్యమము ఎవరును విప్పిచెప్ప నవసరము లేకపోయెను.

ఇంతవరకు చెప్పినదంతయు గాదె గల యింటి కథ. ఇచ్చట ఒక మాట మొగమోటము లేక చెప్పవలెను. కరువులలో చచ్చినవారిలో అత్యధికులు పాతర వేయుటకు పొలము లేనివారు, దాచుటకు గింజ లేనివారు. పాలేర్లు, కూలీలు, నేతగాండ్రు. వారి యిండ్ల అవ్వలకు సంగ్రహవిద్యతో పని లేకపోయెను. వారు నేర్చిన విద్య వేరు. ఏ ఆకు తినవచ్చును, ఏ దుంపను ఎన్ని నీళ్ళలో ఉడికించి పారబోసినచో దాని విషము దిగును, చింతగింజను వేయించి పొట్టు తీసి నానబెట్టి ఏ పిండితో కలిపినచో కడుపు పట్టదు, తాటిబుర్రలు పాతిపెట్టినచో తేగలు ఎన్నాళ్ళకు వచ్చును, బ్రహ్మజెముడు పండు ముండ్లను ఎట్లు రాచి తీయవలెను: ఇది వారి పాఠము. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న మాటను నేడు మనము ఉద్యోగము పోయినవానిని ఓదార్చుటకు వాడుచున్నాము. ముండ్లపొదలోని ఆ చేదు ఆకును నిజముగా దూసి ఉడికించి బిడ్డలకు పెట్టిన చేతులనుండి ఆ మాట వచ్చియుండవలెనని తోచును. పొన్నగంటి, చెంచలి, తుమ్మి, గునుగు మొదలగు కూరలను పండితులు పథ్యములని మెచ్చుకొనుటకు ముందే, అవి గాదె లేని అవ్వకు గాదెలు.

గాదె గల యింటిలోను న్యాయము సమముగా పంచబడలేదు. తాళపుచెవులు మొలకు కట్టుకొన్న అత్త పొదుపు, పెక్కుమార్లు కోడలి కడుపుమీదనే సాగెడిది. మగవారు, పిల్లలు తిన్న తరువాత, అడుగున మిగిలినదే ఆడుదాని భోజనము, వితంతువునకు ఒంటిపూట. అడుగంటిన గంజిని, చద్దిలోని తరవాణిని స్త్రీలు మరిగియుండుటకు వాని రుచి ఒక్కటే హేతువని చెప్పలేము. కష్టము అందరిని మెత్తబరచుననుట కవుల మాట. కష్టము కొందరిని కఠినులను చేయును, ఆ కాఠిన్యమే తరువాతి తరమునకు క్రమశిక్షణయని పేరు మార్చుకొని సంక్రమించును. కాబట్టి అవ్వ చెప్పినదంతయు శిరోధార్యమని నేననను. ఆమె మాటలలో కరువు నేర్పిన వివేకమెంతయో, కరువు మిగిల్చిన భయము నంతయు కలదు. ఈ రెంటిని వేరుచేసి చూచుట మనుమల పని.

గోదావరి సీమ కథ ఇందుకు కొంత భిన్నము. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,000గా ఉండిన జనసంఖ్య, 1841 నాటికి 5,61,000కు దిగినది. ఇరువది యేండ్లలో ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరు చావుచేతనో వలసచేతనో లోపించిరన్నమాట. ఒడ్డున మహానది ప్రవహించుచుండగా జనులు కరువుతో మాడుట చూచి, 1844లో మంటుగోమరీ ప్రభుత్వమునకు నివేదిక సమర్పించుట, ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమువద్ద పనికి పూనుకొనుట, 1852 నాటికి ఆనకట్ట పూర్తియగుట మనవారికి బాగుగా తెలిసిన విషయములే. కృష్ణకు బెజవాడవద్ద 1855లో ఆనకట్ట ముగిసెను. ఒక తరములో ఆ రెండు డెల్టాలును అన్నపు గిన్నెలయినవి.

జనసంఖ్య అంతగా క్షీణించిన ఆ 1841లోనే మండపేటలో ఒక ఆడుశిశువు జన్మించినది. ఆమెయే డొక్కా సీతమ్మ. కోనసీమలో వైనతేయ గోదావరి యొడ్డునగల లంకల గన్నవరము ఆమె అత్తవారి ఊరు. పాయలు దాటి అలసివచ్చు బాటసారులకు ఆ యిల్లు దారిలోని మజిలీ. పగలనక రాత్రియనక, కులమేదని అడుగక, వచ్చినవారికి వండి వడ్డించుటయే ఆమె జీవితమయ్యెను. 1909లో ఆమె గతించువరకు ఆ పొయ్యి చల్లారలేదు. సప్తమ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినను ఆమె పోలేదనియు, ప్రభుత్వమువారు ఆమె ఛాయాచిత్రమును తీయించి తీసికొనిపోయిరనియు ప్రసిద్ధి. నేడు ఆ గన్నవరము దగ్గర కాలువను ఏటిమీదుగా దాటించు అక్విడక్టునకు ఆమె పేరు పెట్టియున్నారు. ఇది మిక్కిలి యుచితమైన నామకరణమని నేను తలంతును, అయితే పెట్టినవారు తలచిన కారణముచేత మాత్రమే కాదు. ఆమె ఔదార్యము ఆమెదే. కాని ఆ అన్నము వెనుక ఆనకట్ట నీరు కలదు. ఆమె తల్లి తరమువారికి అతిథిని చూచినచో గాదెయడుగు జ్ఞాపకము వచ్చెడిది. ఆమెకు ఆ జ్ఞాపకము రావలసిన అవసరము తప్పినది. దాచుమని బోధించు అవ్వయు, పెట్టుమని బోధించు అవ్వయు మన కథలలో వేర్వేరు స్వభావముల వారుగా కనబడుదురు గాని, ఒక ఆనకట్టకు ముందువారును తరువాతివారును అని చెప్పుట కొంతవరకు న్యాయమే.

డెల్టాకు నీరు వరమే, నీరు శాపమే. 1864 నవంబరు 1న, దీపావళి అమావాస్య వెళ్ళిన దినములలో, బందరును ఉప్పెన ముంచివేసెను. పట్టణములోను చుట్టుప్రక్కలను దాదాపు ముప్పదివేలమంది నశించిరి. అమావాస్య పోటుకు తుపాను తోడగుటచే సముద్రము కట్టలు దాటి కోసులకొలది లోనికి నడచివచ్చెను. డచ్చివారికి, ఇంగ్లీషువారికి ఒకప్పుడు తలమానికమైన ఆ రేవుపట్టణము మరల పూర్వపు వైభవమునకు రాలేదు. ఉప్పెన దాటిన యిండ్ల మామ్మలు నేర్పిన పాఠములు కరువు పాఠములకు తలక్రిందులుగా ఉండును. కరువుకు గింజ భూమిలో దాచవలెను. ఉప్పెనకు అటకమీద దాచవలెను. బావి ఉప్పుబారును గనుక త్రాగునీటి బానలను ముందుగా నింపియుంచవలెను. దీపావళి ముగియగానే అటుకులు, బెల్లము, చింతపండు, అగ్గిపెట్టె ఒక మూటగా కట్టి దూలమునకు తగిలించుట, ఈదురుగాలి తిరిగినచో పశువుల పలుపులు కోసివేయుట తీరగ్రామములలో చెప్పుకొను జాగ్రత్తలు. కట్టివేసిన గేదె మునుగును, విడిచిన గేదె ఈదును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించి పదివేలకు పైగా ప్రాణములు తీసినప్పుడు, 1864 పాఠము విన్న చెవులు ఆ తీరమున చాల కొద్దిగానే మిగిలియుండెను. నూటపదమూడేండ్లు అవ్వల మాటకు సుదీర్ఘమైన దూరము.

ధాత కరువు 1876లో మొదలై 1878 వరకు రాయలసీమను పీల్చి పిప్పిచేసెను. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దాని నడిగుండె. అనంతపురము అప్పటికి ప్రత్యేక జిల్లా కాలేదు, బళ్ళారిలోనే ఉండెను. నందననాటికి రైలు లేదు; ధాతనాటికి రైలు కలదు, అయినను జనులు చచ్చిరి. ఎందుకనగా రైలు గింజను కరువు ఊరికి తెచ్చుటతో తృప్తిపడక, ధర ఎక్కువగానున్న చోటికి తీసికొనిపోవుట కూడ నేర్చుకొన్నది. సహాయపు పనులలో చేరిన మనిషికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపైన ఒక అణాయును చాలునని సర్ రిచర్డు టెంపులు నిర్ణయించెను. రోజంతయు మట్టిమోసిన శరీరమునకు అది చాలదని వైద్యాధికారులే మొరపెట్టిరి. చెన్నపట్టణమునుండి కృష్ణా డెల్టావరకు సాగిన బకింగుహాం కాలువలో గణనీయమైన భాగము ఆ కరువు కూలీలు త్రవ్వినదే. దానిపై పడవలలో పొగాకును, ఉప్పును, కట్టెలను తరలించిన తరువాతి తరములవారికి, అది ఎవరి ఆకలితో త్రవ్వబడినదో తెలియదు. కరువు తీరిన పిమ్మట విచారణసంఘము కూర్చుండి నివేదిక వ్రాసెను, నిబంధనావళి ఏర్పడెను. గంజినీళ్ళు పారబోయు కోడలిని జేజి గద్దించుట కూడ ఒక నిబంధనావళియే. దానిని ఎవరును అచ్చువేయలేదు, కాని రాయలసీమలో అది ఎక్కువ కాలము అమలులో ఉండెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అవ్వల విద్యకు విచిత్రమైన గతి పట్టినది. 1942లో బర్మా జపాను వశమగుటతో రంగూను బియ్యము నిలిచిపోయెను. రేషను చీటీలు, ధాన్య సేకరణ వచ్చెను. అంతవరకు ఇంట గింజ నిలువయుంచుట గృహిణి సుగుణము. ఇప్పుడు నియమిత పరిమాణమునకు మించి నిలువయుంచినవాడు దోషి. తాసీలుదారు కచేరీ జవాను వచ్చి గాదె తట్టి చూచినప్పుడు, నందన ధాతలను దాటివచ్చిన వంశపు ముసలమ్మకు కలిగిన ఆశ్చర్యమును ఊహింపవచ్చును. దాచినవారిలో దొంగబజారునకు తోలుకొన్న దొరలును లేకపోలేదు. వారికొరకు వచ్చిన చట్టము ఆమె కుండను కూడ లెక్కపెట్టెను. అదే కాలమున అవ్వ తన జ్ఞానమును మరల బయటికి తీసెను. వరి అన్నమునకు అలవాటుపడిన డెల్టా యిండ్లలో జొన్నసంకటి, అంబలి మరల కనబడినవి. వానిని వండు చేయి మనుమరాండ్రకు మరపుకు వచ్చియుండగా, ముసలమ్మలే పొయ్యియొద్ద కూర్చుండవలసివచ్చెను.

చక్రము తిరిగి 1952లో మరల నందన వచ్చెను. ఆ యేడే రాజాజీ ప్రభుత్వము ధాన్య నియంత్రణములను ఎత్తివేసెను. ఆ యేడే వరుస అనావృష్టితో కృశించిన రాయలసీమలో గంజికేంద్రములు నడచెను. ఆ యేడే పొట్టి శ్రీరాములుగారు చెన్నపట్టణమున ఏబదియెనిమిది దినములు నిరాహారులై ప్రాణమర్పించిరి. పంచాంగపు పేరులో ఏ మహిమయు లేదని నేనెరుగుదును. కాని నూటయిరువది యేండ్ల క్రిందటి కథ విన్న గుంటూరు ముసలమ్మలు ఆ యుగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చుండి, సంవత్సరము పేరు విని ఏమనుకొనిరో ఎవరైన అడిగి వ్రాసియుంచినచో ఎంత బాగుండెడిది.

ఆ తరువాతి కథ వేగముగా నడచినది. నాగార్జునసాగరము, వరిమరలు, సంకర విత్తనములు, ఎరువుల బస్తాలు వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము ప్రతి పల్లెకును చేరినది. ఈ పథకముపై ఆర్థికవేత్తలు చేసిన వాదములు ఎట్లున్నను, ఆషాఢ శ్రావణముల అప్పును అది చాల యిండ్లలో తగ్గించినది. పిడికెడు బియ్యపు ముంతకు పని తప్పినది. గాదె విప్పి ఆ చోట మంచము వేసికొనిరి. పాతరల గోతులు పూడిపోయినవి. నేను దీనికి విచారపడువాడను కాను. మనుమరాలు ఆకలికి వెరవకుండ బ్రతుకవలెననియే కదా అవ్వ దాచినది. విచారింపవలసినది మరియొకటి కలదు: బియ్యము చౌకయైనకొలది కొఱ్ఱ, సామ, అరిక, వరిగ పొలమునుండి తప్పుకొన్నవి, వానితో వాని విత్తనము, ఆ విత్తనము దాచు విద్యయు తప్పుకొన్నవి.

ఆ విద్య పూర్తిగా పోలేదనుటకు మెదకు సీమలో జహీరాబాదు సమీపమున పస్తాపూరు సాక్ష్యము. అక్కడ 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పల్లెపల్లెకును సంఘములుగా కూడిన స్త్రీలు, అందులో అత్యధికులు చదువురాని దళిత స్త్రీలు, బీడునేలలను సాగుచేసి, ఒక్క చెలకలోనే పలురకముల పంటలు కలిపి చల్లుచున్నారు. గాదె లేని యింటి అవ్వలు అని పైన చెప్పినది వీరి పూర్వికురాండ్రనే. ఏటేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లను అలంకరించి, బండ్లపై విత్తనపు బుట్టలను పెట్టుకొని, పాత పంటల జాతరయను పేర ఊరినుండి ఊరికి పోవుదురు. విత్తనము దాచు విధానము ఏమియు మారలేదు: మెత్తని బూడిద, వేపాకు, ఎర్రమన్ను. విత్తనము అడిగినవారికి డబ్బు తీసికొనక ఇత్తురు. పంట వచ్చిన పిమ్మట తీసికొన్నదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి యిచ్చునది వారి కట్టుబాటు. ఏ గింజ ఏ నేలకు, ఏ కార్తెకు తగునో, అది తప్పినచో తరువాతి కార్తెకు ఏది వేయవలెనో వారిలోని పెద్దవారిని అడిగినచో గుక్కతిప్పుకొనక చెప్పుదురు. కావలి సోదరుల కైఫీయతులవలె దానిని ఊరూర కూర్చుండి వ్రాసికొను పని ఇంకను చాల మిగిలియున్నది.